కోవిడ్ నాటి ప్రశ్నలు: మంచం ఉంది, మనిషి లేడు

గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, 2021 మే నెలలో మా క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, మంచాల కన్నా ముందు మనుషులు అయిపోయారని ఒక్క వాక్యం రాశాను. దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకు దేనికీ రాలేదు. ఆసుపత్రి గురించి అడిగినవాళ్ళు సగం మంది, మిగతా సగం దుకాణాలు, హోటళ్ళు నడిపేవాళ్ళు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్ళకే. నేను 2020, 2021 రెండేళ్ళూ ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేశాను. మా తమ్ముడు అదే సమయంలో చిన్న హోటల్ నడుపుతూ షట్టర్ దించేశాడు. రాత్రి ఫోన్ చేసుకుంటే ఇద్దరం ఒకే మాట చెప్పుకునేవాళ్ళం, మనుషులు లేరురా అని. డబ్బు లెక్కలకు జవాబులు రాసేటప్పుడు వాడినీ, బ్యాంకులో పనిచేసే ఒక స్నేహితుడినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక పాఠకుడు): 2021 మే మొదటి వారంలో మా నాన్నగారిని హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 82 శాతమే ఉంది. నాలుగు గంటలు అంబులెన్సులోనే ఉంచారు. మధ్యలో నేను లోపలికి వెళ్ళి చూస్తే మూడు మంచాలు ఖాళీగా కనిపించాయి. మూడూ ఖాళీ. అయినా తీసుకోలేదు. చివరికి తీసుకున్నారు గానీ ఆయన దక్కలేదు. ఆ మూడు మంచాలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటాయి. ఎందుకు ఖాళీగా పెట్టారు?

జవాబు: మీ నాన్నగారి విషయంలో ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పలేను, నేను అక్కడ లేను. కానీ మంచాలు ఎందుకు ఖాళీగా ఉండి ఉంటాయో చెప్పగలను, ఎందుకంటే నేను పనిచేసిన చోట కూడా అలా ఖాళీగా ఉంచిన రాత్రులు ఉన్నాయి. బయట ఎవరో మీలాంటి అబ్బాయి అద్దంలోంచి చూస్తూనే ఉండేవాడు.

క్యాజువాలిటీలో మంచం అంటే ఇనుప మంచం, పరుపు మాత్రమే కాదండీ. దాని పక్కన ఆక్సిజన్ పాయింట్ ఉండాలి, మానిటర్ ఉండాలి, ఆ మానిటర్ మోగితే పరుగెత్తుకొచ్చే మనిషి ఉండాలి. మొదటి రెండూ కొనొచ్చు. ఆ రోజుల్లో దాతలు కూడా చాలా ఇచ్చారు. మూడోది కొనడానికి దొరకదు. ఐసీయూలో ప్రతి షిఫ్టులోనూ మంచానికి ఒక నర్సు ఉండాలని, బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మా దగ్గర ఆ మే నెలలో రాత్రి డ్యూటీలో ఇద్దరు నర్సులు ఇరవై రెండు మందిని చూసుకున్నారు, అందులో తొమ్మిది మందికి మాస్కు తీస్తే శాచురేషన్ పడిపోయే స్థితి. ఇరవై మూడో మనిషిని లోపలికి తీసుకుంటే ఆ తొమ్మిది మందిలో ఎవరి దగ్గర్నుంచి చూపు తిప్పుకోవాలి అన్నదే అప్పుడు మా ముందున్న ప్రశ్న. ఈ నిర్ణయం ప్రతి గంటా తీసుకున్నాం, అన్నిసార్లూ సరిగ్గానే తీసుకున్నామని నేను చెప్పను.

మనుషులు ఎందుకు చాలలేదంటే, మొదటి కారణం పీపీఈ కిట్. అది వేసుకున్నాక నీళ్ళు తాగకూడదు, బాత్రూమ్‌కి వెళ్ళకూడదు, వెళ్ళాలంటే మొత్తం విప్పి పారేసి కొత్తది వేసుకోవాలి. అందుకని చాలాచోట్ల ఎనిమిది గంటల డ్యూటీని ఆరు గంటలు చేశారు. రోజుకు మూడు షిఫ్టులు నడిచే చోట నాలుగు షిఫ్టులయ్యాయి, అంటే అదే పనికి మూడో వంతు మంది అదనంగా కావాలి. సరిగ్గా అప్పుడే ఉన్నవాళ్ళకి జబ్బు అంటుకుంటోంది, ఒకరికి పాజిటివ్ వస్తే రెండు వారాలు ఇంటికే. పని పెరుగుతున్న కొద్దీ చేసేవాళ్ళు తగ్గుతూ వచ్చారు.

రెండో కారణం బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో రాత్రిపూట మీకు కనిపించే డాక్టర్లలో ఎక్కువమంది పీజీలు (ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఎంఎస్ చదివేవాళ్ళు), హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ ఆఖర్న శిక్షణలో ఉన్నవాళ్ళు). పీజీలు మూడేళ్ళుంటారు, ఏటా ఒక బ్యాచ్ వెళ్తుంది, ఒక బ్యాచ్ వస్తుంది. 2021లో ఆ కొత్త బ్యాచ్ రాలేదు. జనవరిలో జరగాల్సిన నీట్ పీజీ ప్రవేశ పరీక్ష ఏప్రిల్ 18కి వెళ్ళింది, సెకండ్ వేవ్ వచ్చాక అదీ వాయిదా పడి సెప్టెంబర్ 11న జరిగింది, ఆ తర్వాత రిజర్వేషన్ కేసు సుప్రీంకోర్టులో ఉండటంతో కౌన్సెలింగ్ 2022 జనవరిలో గానీ మొదలవలేదు. ఇంటికెళ్ళాల్సిన ఆఖరి సంవత్సరం వాళ్ళను కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉండమన్నారు. ఎంబీబీఎస్ చివరి ఏడాది పిల్లల్ని ఫోన్లో సలహాలివ్వడానికి, లక్షణాలు తక్కువున్నవాళ్ళని చూడటానికి వాడుకోవచ్చని 2021 మే 3న కేంద్రం చెప్పింది. అప్పటికి దేశంలో రోజుకు నాలుగు లక్షల కేసుల దాకా వస్తున్నాయి. వంట మొదలెట్టాక బియ్యానికి పంపినట్టు అయింది.

మూడోది ఆక్సిజన్. ఇది కూడా మనుషుల లెక్కే, చెప్తే అర్థమవుతుంది. మీరు చూసిన పెద్ద జంబో సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. రోగికి నిమిషానికి 10 లీటర్లు పెడితే పన్నెండు గంటలకు కాస్త ముందే అయిపోతుంది. ఎక్కువ ఫ్లో ఇచ్చే మిషన్ మీద నిమిషానికి 60 లీటర్లు పోతే అదే సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. మరి అది అయిపోయేలోపు ఇంకోటి దొర్లించుకొచ్చి, స్పానర్‌తో విప్పి బిగించే మనిషి ఒకడు రాత్రంతా మెలకువగా ఉండాలి. ట్యాంకు ఉన్న ఆసుపత్రులకు ఈ బాధ ఉండదు, కానీ వాళ్ళు ట్యాంకర్ మీద ఆధారపడాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమై, ప్రెషర్ పడిపోయి, అధికారికంగానే 11 మంది పోయారు. ఆ వార్త విన్న రాత్రి మా దగ్గర డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆక్సిజన్ ప్రెషర్ చూపించే గేజ్ దగ్గరికి వెళ్ళి చూసొచ్చారు, ఒకరు చూశారని తెలిసినా మళ్ళీ ఇంకొకరు.

మీరు ఆయన్ని సమయానికే తీసుకెళ్ళారు. మీ చేతిలో ఉన్నది మీరు చేశారు. కోపం ఉంటే ఉండనివ్వండి, దాన్ని తప్పని నేను అనను. కానీ ఆ రోజు లోపల కిట్లలో ఉన్నవాళ్ళ మీద కన్నా, అంతకుముందు ఎన్నో ఏళ్ళు నర్సు పోస్టులు, డాక్టరు పోస్టులు ఖాళీగా పెట్టుకుని ఎలాగో నడుస్తోందిలే అనుకున్నవాళ్ళ మీద ఉంచండి. 2020 జూన్‌లో గాంధీ ఆసుపత్రి జూనియర్ డాక్టర్లు, తమలో ఒకరిపై దాడి జరిగాక రోడ్డు మీద కూర్చుని అడిగిన వాటిలో ఇదీ ఉంది: కోవిడ్ రోగులందరినీ ఒక్క గాంధీకే పంపకండి, మిగతా ఆసుపత్రుల్లో కూడా చూడండి, మనుషుల్ని ఇవ్వండి అని. సెకండ్ వేవ్‌కి దాదాపు ఏడాది ముందు మాట అది.

ప్రశ్న (ఒంగోలు నుంచి): ఆసుపత్రి సిబ్బంది మీద చేయి చేసుకుంటే ఏడేళ్ళ జైలు అని అప్పట్లో విన్నాం. నిజమేనా, ఇప్పటికీ ఉందా?

జవాబు: 2020 ఏప్రిల్‌లో కేంద్రం అంటువ్యాధుల చట్టానికి సవరణగా ఆర్డినెన్స్ తెచ్చింది, సెప్టెంబర్‌లో అది చట్టమైంది. మామూలు దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ళు, తీవ్రమైన గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్ళు. అంటువ్యాధి సమయంలో జరిగే దాడుల కోసం చేసిన చట్టమిది. అది కాకుండా మన రెండు రాష్ట్రాల్లో 2008 నుంచే వేరే చట్టం ఉంది, మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, పగలగొట్టిన వస్తువు విలువకు రెట్టింపు కట్టాలి. అయితే చట్టం ఉన్నంత మాత్రాన రాత్రి రెండింటికి క్యాజువాలిటీ తలుపు దగ్గర పోలీసు ఉండడు. రోగి పరిస్థితేంటో గంటకోసారి బయటకొచ్చి చెప్పే మనిషి ఒక్కరుంటే సగం గొడవలు జరగవని నా అనుభవం. ఆ ఒక్కరిని పెట్టడానికి కూడా మా దగ్గర మనిషి లేరు.

ప్రశ్న (విజయవాడ నుంచి టిఫిన్ సెంటర్ యజమాని): కాలేజీ హాస్టళ్ళ దగ్గర మా టిఫిన్ సెంటర్. 2020 ఫిబ్రవరిలో 10 లక్షలు లోను తీసుకున్నాను, ఐదేళ్ళు, 12 శాతం వడ్డీ. నెల తిరక్కుండానే హాస్టళ్ళు ఖాళీ. ఆరు నెలలు కట్టక్కర్లేదన్నారని కట్టలేదు. 2025 ఫిబ్రవరిలో అయిపోవాల్సిన లోను 2026 ఫిబ్రవరిలో అయింది. ఆరు నెలలు ఆపితే పన్నెండు నెలలు పెరిగిందేమిటండీ? బ్యాంకు వాళ్ళు మోసం చేశారా?

జవాబు: మీ ఉత్తరం మా తమ్ముడికి చదివి వినిపిస్తే వాడు, ఇది నా కథే, పేరు మార్చి రాశారా అన్నాడు.

మోసం కాదు, కానీ మీకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు, అదీ చిన్న తప్పేం కాదు. రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి 27న ఇచ్చింది మారటోరియం, అంటే కిస్తీల వాయిదా. ముందు మూడు నెలలు, తర్వాత ఇంకో మూడు, మొత్తం ఆగస్టు 31 దాకా. కిస్తీ కట్టకపోయినా ఎగవేతదారు అని ముద్ర వేయరు, అంతే. వడ్డీ మాత్రం ఆగలేదు. మీ లెక్కే చూడండి. 10 లక్షల మీద నెలకు 1 శాతం, ఆరు నెలలకు చక్రవడ్డీతో 61,520 రూపాయలు. ఇది అసలులో కలిసింది. మీ కిస్తీ దాదాపు 22,250 ఉంటుంది, దాన్ని మార్చకుండా ఉంచారు కాబట్టి కొత్త అసలు తీరడానికి 60 బదులు 65 కిస్తీలు, పైన చిన్న తోక పట్టింది. ఆరు నెలలు మీరు ఆపినవి, ఐదు నెలలు ఆ వడ్డీ, దాని మీద ఐదేళ్ళ పాటు పడిన వడ్డీ, ఆఖరి నెల ఆ తోక. అదనంగా కట్టింది దాదాపు లక్షా 15 వేలు.

రెండు కోట్ల లోపు లోన్లకు ప్రభుత్వం వడ్డీ మాఫీ చేసిందని కూడా మీరు విని ఉంటారు. ఆ మాఫీ వడ్డీకి కాదు, వడ్డీ మీద వడ్డీకి. చక్రవడ్డీకీ మామూలు వడ్డీకీ ఉన్న తేడా, మీ విషయంలో 61,520లోంచి 60,000 తీసేస్తే 1,520 రూపాయలు. 2020 నవంబర్ పాస్‌బుక్‌లో వెతకండి, అంత మొత్తం పడి ఉండాలి. పడకపోతే బ్యాంకుకి రాసి అడగండి, అది మీ హక్కు.

ఆ ఆరు నెలల్లో చేతిలో డబ్బు లేనివాళ్ళకి ఆ వెసులుబాటు ప్రాణం పోసింది, నేను కాదనను. కానీ కొంచెమైనా కట్టగలిగినవాళ్ళు నెల నెలా వడ్డీ భాగం 10 వేలు కట్టి ఉంటే లోను గడువు ఆరు నెలలే పెరిగేది. ఆ ముక్క బ్యాంకు గోడ మీద తెలుగులో ఒక కాగితం అంటించినా సరిపోయేది. మీ ఏరియాలో 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ కూడా పెట్టారు, అంటే సాయంత్రం టిఫిన్ వ్యాపారం మొత్తం పోయినట్టే. అయినా నిలబెట్టారు. సాధారణంగా కిస్తీ పెంచుకోవచ్చు, కాలం తగ్గించుకోవచ్చు, ఇకముందు ఏ లోనులో ఇలాంటి వెసులుబాటు వచ్చినా ఆ రెండూ బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న (జగిత్యాల నుంచి టెంట్ హౌస్ యజమాని): పెళ్ళికి 50 మందే అన్నారు, మళ్ళీ 2021 లాక్‌డౌన్‌లో 40 అన్నారు. నలభై మందికి టెంట్ ఎవరు వేయిస్తారు. గిన్నెలు, కుర్చీలు అమ్ముకున్న. మోదీ ప్యాకేజీలో మూడు లక్షల కోట్లు చిన్న వ్యాపారులకని టీవీలో చెప్పిన్రు, బ్యాంకుకు పోతే మీకు రాదన్నరు. ఎందుకు రాలేదు? ఇప్పుడు మళ్ళీ పెడదామంటే పనివాళ్ళు దొరుకుతలేరు.

జవాబు: మీకు రాకపోవడానికి కారణం వింటే బాధ కలుగుతుంది. 2020 మేలో వచ్చిన ఆ పూచీకత్తు లేని రుణాల్లో ఎంత ఇవ్వాలన్న లెక్క ఒకటే: 2020 ఫిబ్రవరి 29 నాటికి మీకు బ్యాంకులో ఎంత బాకీ ఉందో అందులో 20 శాతం. మీరు ఉత్తరంలో రాశారు, పెట్టుబడంతా చిట్టీలు పాడి, ఫైనాన్స్ దగ్గర తెచ్చానని. బ్యాంకులో మీ బాకీ సున్నా. సున్నాలో 20 శాతం సున్నానే. అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవాడికే కొత్త అప్పు దొరికింది. బ్యాంకు గడప తొక్కకుండా కష్టపడి వ్యాపారం నిలబెట్టుకున్న మీలాంటివాళ్ళు ఆ జాబితాలో లేనేలేరు. తోపుడు బండి వాళ్ళకి 2020 జూన్ నుంచి స్వనిధి కింద 10 వేలు ఇచ్చారు, మీరు అందులోకీ రారు, మీకు గోడౌన్ ఉంది. ఈ మధ్యలో పడిపోయినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో, టెంట్ హౌస్‌లు, లైటింగ్ వాళ్ళు, బ్యాండు మేళం, ఫొటోగ్రాఫర్లు, వంట మేస్త్రీలు. ఒక్క పెళ్ళి ఆగితే ఇన్ని పొయ్యిలు ఆరతాయి.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, ఉచితం, ఆధార్, పాన్‌తో అయిపోతుంది, ఎవరికీ కమీషన్ ఇవ్వకండి. ముద్ర రుణంలో 50 వేలు, 5 లక్షలు, 10 లక్షలు అని మెట్లున్నాయి, 10 లక్షలది తీసుకుని తీర్చినవాళ్ళకి 20 లక్షల దాకా కూడా ఇస్తున్నారు. మీరు చిన్న మెట్టుతో మొదలుపెట్టండి. ఆ డబ్బు అవసరం ఎంతుందో దానికన్నా, బ్యాంకు పుస్తకంలో మీ పేరు ఉండటం ముఖ్యం. మళ్ళీ ఏదైనా వస్తే సాయం ఆ పుస్తకంలో పేరున్నవాళ్ళకే ముందు వెళ్తుంది, ఇది న్యాయమని నేను అనడం లేదు, కానీ జరిగింది అదే.

పనివాళ్ళ సంగతి మాత్రం నా దగ్గర కూడా సులువైన జవాబు లేదు. మా తమ్ముడి దగ్గర పదకొండేళ్ళు దోసె పెనం దగ్గర నిలబడ్డ మేస్త్రీ 2020 ఏప్రిల్‌లో ఊరెళ్ళి మళ్ళీ రాలేదు, అక్కడే మేస్త్రి పనికి, అంటే తాపీ పనికి కుదిరాడు. హోటల్ మళ్ళీ తెరిచాక వాడి చోట ముగ్గుర్ని మార్చాడు మావాడు. చివరికి పనికొచ్చిందేమిటంటే, సీజన్ లేని ఆషాఢంలో కూడా ఇద్దరికి సగం జీతం ఇచ్చి అట్టిపెట్టుకోవడం. దండగ అనిపిస్తుంది, మొదటి ఏడాది నిజంగానే కష్టమైంది. శ్రావణం రాగానే ఆ ఇద్దరే కొత్తవాళ్ళకి పని నేర్పారు.

ప్రశ్న (అమెరికా, డాలస్ నుంచి): నేను చిన్న ఇండియన్ గ్రోసరీ నడుపుతాను, నా భార్య ఎమర్జెన్సీ రూమ్ నర్సు. 2020 ఏప్రిల్‌లో ఆసుపత్రి వాళ్ళు ఆమె గంటలు తగ్గించారు. మహమ్మారి మధ్యలో నర్సుకి పని లేకపోవడమేంటి? మళ్ళీ 2021లో అదే ఆసుపత్రి ఏజెన్సీ నుంచి తాత్కాలికంగా వచ్చే ట్రావెల్ నర్సులని ఎన్నో రెట్లు జీతమిచ్చి తెచ్చుకుంది. ఆమె విసిగిపోయి మానేసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే మీ ఇంట్లోనే రెండు కథలూ ఉన్నాయి.

వింతగా అనిపిస్తుంది గానీ ఆ ఏప్రిల్‌లో అక్కడి ఎమర్జెన్సీ రూములు నిజంగానే ఖాళీ అయ్యాయి. 2020 మార్చి 29 నుంచి ఏప్రిల్ 25 మధ్య అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళు ముందు ఏడాది అదే సమయంతో పోలిస్తే 42 శాతం తగ్గారని వాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కే చెప్పింది. ఛాతీ నొప్పి వచ్చినా జనం భయపడి ఇంట్లోనే ఉండిపోయారు. దానికితోడు మోకాలి మార్పిడి లాంటి ముందే తేదీ పెట్టుకునే ఆపరేషన్లు ఆపేయమని మార్చిలోనే చెప్పారు, మీ టెక్సాస్‌లో గవర్నర్ ఉత్తర్వే ఇచ్చారు. అక్కడి ఆసుపత్రులకు డబ్బు ఎక్కువగా వచ్చేది ఆ ఆపరేషన్ల నుంచే. రాబడి పడిపోగానే వ్యాపారంలాగే ఆలోచించి గంటలు కోశారు. మీలాంటి చిన్న షాపులకి పీపీపీ అనే ప్రభుత్వ రుణ పథకం కింద ఇచ్చిన డబ్బులో కనీసం 60 శాతం జీతాలకి ఖర్చుపెడితే తిరిగి కట్టక్కర్లేదన్నారు, మీరు మీ ముగ్గురు పనివాళ్ళనీ ఉంచుకున్నానని రాశారు. మీ కిరాణా కొట్టు మనుషుల్ని నిలబెట్టుకుంది, మీ ఆవిడ ఆసుపత్రి నిలబెట్టుకోలేదు.

ఆ తర్వాత వేవ్‌లు వచ్చేసరికి ఉన్నవాళ్ళు సగం మంది అలసిపోయారు, కొందరు మానేశారు, మిగిలిన చోట్లను ట్రావెల్ నర్సులతో నింపారు. పక్కన నిలబడి అదే పని చేస్తూ తనకన్నా ఎన్నో రెట్లు తీసుకుంటున్న మనిషిని చూస్తూ పాత నర్సు ఎన్నాళ్ళుంటుంది? ఇక్కడా తక్కువేం జరగలేదు. 2020 మేలో కోల్‌కతా ప్రైవేటు ఆసుపత్రుల నుంచి వందలమంది నర్సులు, ఎక్కువగా మణిపుర్ అమ్మాయిలు, ఉద్యోగాలు వదిలి సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. మీ భార్య మానేయడంలో బలహీనత ఏమీ లేదని ఆమెకు నా మాటగా చెప్పండి. మళ్ళీ వెళ్ళాలనిపిస్తే ఎమర్జెన్సీకే వెళ్ళాలని లేదు, డయాలసిస్, స్కూలు నర్సు, రోగి పరిస్థితి ఎంత తీవ్రమో ఫోన్లోనే అంచనా వేసే ట్రయాజ్ లైన్లు, ఆ అనుభవం పనికొచ్చే చోట్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న (నల్గొండ నుంచి ఒక నర్సు): సార్/మేడమ్, 2021 ఏప్రిల్‌లో ఔట్‌సోర్సింగ్ మీద ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కోవిడ్ డ్యూటీకి తీసుకున్నారు. 97 రోజులు చేశాను. జులైలో ఇక అవసరం లేదని ఫోన్లో చెప్పారు. 100 రోజులు చేస్తే ఉద్యోగాల్లో ప్రాధాన్యం అన్నారు కదా, మూడు రోజులు తక్కువ. ఇప్పుడు ప్రైవేటులో చేస్తున్నాను. ఆ రోజులకు అసలు విలువుందా? మళ్ళీ అలాంటిది వస్తే నేను వెళ్ళాలా?

జవాబు: అమ్మా, ఆ 97 అన్న అంకె దగ్గర ఆగిపోయాను. నువ్వు ఒక్కదానివే కాదు, ఆ జులైలో నీలాంటివాళ్ళు హైదరాబాద్‌లో రోడ్డు మీదికొచ్చి అడిగారు. అవసరమైనప్పుడు వారంలో తీసుకుని, కేసులు తగ్గగానే ఫోన్లో తీసేశారు.

ఉన్న మాట చెప్తాను. 100 రోజుల ప్రాధాన్యం కేంద్రం 2021 మే 3న ప్రకటించింది. తెలంగాణలో 2022 చివర 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు 80 మార్కులు రాత పరీక్షకి, 20 పాయింట్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకి ఇచ్చారు, ఆరు నెలలకు గిరిజన ప్రాంతమైతే 2.5, మిగతా చోట్ల 2 చొప్పున. ఆ లెక్కలో నీ మూడు నెలలు నిలబడవు, అది నాకూ కష్టంగానే ఉంది. పోస్టులు పెంచి 2024 జనవరి 31న దాదాపు ఏడు వేల మందికి నియామక పత్రాలు ఇచ్చారు, కాబట్టి దారి మూసుకుపోలేదు, మళ్ళీ నోటిఫికేషన్ వస్తుంది, పరీక్ష వైపు నుంచి సిద్ధమవ్వు. ఆ 97 రోజులకి సూపరింటెండెంట్ సంతకంతో అనుభవ పత్రం నీ దగ్గర లేకపోతే ఇప్పుడైనా అడుగు. ఏజెన్సీ ఇచ్చిన కాగితం ఒక్కటే ఉంచుకోకు, ఏజెన్సీలు మారిపోతాయి, మూసేస్తాయి.

మళ్ళీ వస్తే వెళ్ళాలా అని అడిగావు. నిన్ను వెళ్ళమని నేను చెప్పలేను. ఎన్ని రోజులకు తీసుకుంటున్నారు, తీసేసేటప్పుడు ఎన్ని రోజుల నోటీసు, నీకు జబ్బు చేస్తే జీతం ఉంటుందా, ఈ మూడూ కాగితం మీద రాయించుకున్నాకే వెళ్ళు. రాయమంటే చులకనగా చూసేవాళ్ళుంటారు. చూడనీ.

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు): మా అమ్మ 2021 మేలో కోవిడ్ వార్డులో ఉన్నప్పుడు ఒక నర్సు రోజూ ఫోన్ పట్టుకుని మాకు వీడియో కాల్ చేయించేది. కిట్‌లో ఉండటం వల్ల ముఖం కూడా చూడలేదు, పేరు అడగలేదు. అమ్మ బాగుంది. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పాలని ఉంది. ఇన్నేళ్ళయ్యాక కుదురుతుందా?

జవాబు: ప్రయత్నించండి, తప్పకుండా. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి, నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇద్దరికీ ఒక్కో ఉత్తరం రాయండి. అమ్మగారి పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, వార్డు నంబరు, గుర్తుంటే ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, ఇవన్నీ డిశ్చార్జ్ కాగితం మీదే ఉంటాయి. కాల్స్ వచ్చిన తేదీలు, సమయాలు మీ ఫోన్లో ఇంకా ఉంటే అవి కూడా రాయండి. ఆ అమ్మాయి రెగ్యులర్ నర్సు అయితే మీ ఉత్తరం ఆమె చేతికి చేరే అవకాశం బాగానే ఉంది. ఔట్‌సోర్సింగ్ మీద వచ్చిన పిల్ల అయితే ఇప్పుడు అక్కడ ఉండకపోవచ్చు, కానీ తోటివాళ్ళ దగ్గర నంబరు ఉంటుంది, పైన నల్గొండ అమ్మాయి ఉత్తరం చదివారు కదా, ఆ వార్డులో ఆమె పనిచేసిందని చెప్పే కాగితం మీదొక్కటే కావచ్చు. అందుకే ఫోన్లో చెప్పకుండా కాగితం మీద రాసి సంతకం పెట్టండి. కాల్స్ రాత్రి వచ్చేవైతే తేదీ పక్కన రాత్రి డ్యూటీ అని కూడా రాయండి, రోస్టరులో వెతికేవాళ్ళకు సులువవుతుంది.